చెరిగిపోయిన పౌనఃపున్యాలు ఎలా కనుక్కోవాలి, అదే పట్టికలో నియత సంభావ్యత ఎలా లెక్కించాలి

పట్టికలో రెండు గళ్లు ఖాళీ. కింద "సగటు 26.4 అయితే లోపించిన పౌనఃపున్యాలు కనుక్కోండి" అని ఒక వాక్యం. పౌనఃపున్యం అంటే పట్టికలో ఒక్కో వరుసలో ఎందరున్నారన్న లెక్క. పదో తరగతి సాంఖ్యక శాస్త్రం పాఠంలోనూ పోటీ పరీక్షల్లోనూ తరచూ ఎదురయ్యే లెక్క ఇది. సూత్రం నోటికి వచ్చినవాళ్లు కూడా ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటారు. తెలిసిన సంఖ్యల నుంచి సగటు కట్టడానికే సూత్రాన్ని వాడటం అలవాటై ఉంటుంది, సగటు ఇచ్చి సంఖ్యను అడిగేసరికి చెయ్యి ఆగిపోతుంది.

మొదట గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఎన్ని ఖాళీలుంటే అన్ని సమీకరణాలు కావాలి. "మొత్తం 100 మంది" అన్నది ఒక సమీకరణం. "సగటు ఇంత", "మధ్యగతం ఇంత", "బాహుళకం ఇంత" అన్నవి ఒక్కొక్కటీ ఒక్కో సమీకరణం. మధ్యగతం అంటే విలువల్ని వరుసలో పేరిస్తే సరిగ్గా మధ్యలో పడేది, బాహుళకం అంటే ఎక్కువసార్లు వచ్చేది. ప్రశ్న చదవగానే ఖాళీలు ఎన్నో, ఇచ్చిన షరతులు ఎన్నో లెక్కపెట్టండి. సూత్రాల జోలికి ఆ తర్వాత వెళ్లొచ్చు.

ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా ఒకే పట్టికతో పని చేద్దాం. ఒక ఊళ్లో 100 మంది వరి రైతులు, ఎకరాకు వచ్చిన దిగుబడి 75 కిలోల బస్తాల్లో. లెక్క కోసం ఊహించుకున్న అంకెలివి. 10–15 లాంటి ఒక్కో విరామాన్నీ తరగతి అంటారు.

10–15 బస్తాలు: 6 మంది
15–20: 14
20–25: క
25–30: 30
30–35: చ
35–40: 10
మొత్తం: 100

క, చ అన్నవి ఖాళీలు. నోటుబుక్కులో మీరు ఎక్స్, వై అని రాసుకోండి. ఎఫ్1, ఎఫ్2 అని మాత్రం పెట్టకండి. బాహుళకం సూత్రంలో ఎఫ్1 అంటే బాహుళక తరగతి పౌనఃపున్యం, ఎఫ్2 అంటే దాని తర్వాతి తరగతి పౌనఃపున్యం. పేర్లు కలిసిపోతే లెక్క మధ్యలో ఏది ఏదో తెలియకుండా పోతుంది.

సూత్రం కంటే ముందు పట్టిక

తరగతులు ఎలా రాసి ఉన్నాయో చూడండి. 10–15, 15–20 అని ఉంటే ఒకదాని ఎగువ హద్దే తర్వాతి దానికి దిగువ హద్దు. సరిగ్గా 15 బస్తాలు పండించిన రైతు 15–20లోకి వస్తాడు, 10–15లోకి కాదు. ఈ చిన్న విషయం సంభావ్యత దగ్గరికి వచ్చేసరికి బాగా అవసరపడుతుంది.

అదే 10–14, 15–19, 20–24 అని ఉంటే మధ్యలో ఒక అంకె ఖాళీ ఉంది. హద్దుల్ని 9.5–14.5, 14.5–19.5 అని మార్చుకోవాలి. సగటుకు ఇది అక్కర్లేదు. 10, 14ల మధ్య విలువ 12, 9.5, 14.5ల మధ్య విలువా 12 కాబట్టి మార్చినా మార్చకపోయినా అదే సగటు వస్తుంది. మధ్యగతానికీ బాహుళకానికీ మాత్రం తప్పదు. 25–29 తరగతిలో దిగువ హద్దు 24.5, తరగతి పొడవు 5. చాలామంది 29లోంచి 25 తీసేసి పొడవు 4 అని వేస్తారు. అక్కడితో లెక్క పోయినట్టే.

"15 కంటే తక్కువ 6, 20 కంటే తక్కువ 20, 25 కంటే తక్కువ 38" అని ఇస్తే అవి సంచిత పౌనఃపున్యాలు, అంటే అక్కడిదాకా ఉన్నవన్నీ కూడినవి. పక్కపక్క వాటిని తీసివేసి మామూలు పట్టికగా మార్చాకే మిగతా పని మొదలుపెట్టండి.

సగటు ఇచ్చినప్పుడు

మన పట్టికకు సగటు 26.4 అని ఇచ్చారనుకోండి.

1. తెలిసిన పౌనఃపున్యాలు కూడండి: 6 + 14 + 30 + 10 = 60. మొత్తం 100 కాబట్టి క + చ = 40. ఇది మొదటి సమీకరణం.

2. తరగతుల మధ్య విలువలు రాయండి: 12.5, 17.5, 22.5, 27.5, 32.5, 37.5.

3. ఊహించిన సగటుగా 27.5 తీసుకోండి. సోపాన విచలనాలు (మధ్య విలువలోంచి 27.5 తీసేసి, తరగతి పొడవు 5తో భాగిస్తే వచ్చేవి) వరుసగా −3, −2, −1, 0, 1, 2.

4. ఒక్కో పౌనఃపున్యాన్నీ దాని విచలనంతో గుణించి కూడండి: −18 − 28 − క + 0 + చ + 20, అంటే చ − క − 26.

5. సగటు = ఊహించిన సగటు + పొడవు × (నాలుగో మెట్టు మొత్తం)/(పౌనఃపున్యాల మొత్తం) అన్న సూత్రంలో వేయండి: 26.4 = 27.5 + 5 × (చ − క − 26)/100. ఎడమ పక్కకు తెస్తే −1.1 = (చ − క − 26)/20. అంటే చ − క − 26 = −22, కాబట్టి చ − క = 4.

6. క + చ = 40, చ − క = 4. కూడితే 2చ = 44. చ = 22, క = 18.

గుర్తులు తారుమారయ్యేది ఎక్కువగా నాలుగో మెట్టు దగ్గరే. క విచలనం −1 కాబట్టి అది −క. తొందరలో +క అని రాస్తే చ + క = 4 అని వస్తుంది. పైన చూస్తే క + చ = 40. రెండూ కొట్టుకుంటున్నాయంటే గుర్తు తప్పిందని అర్థం, వెనక్కి వెళ్లి నాలుగో మెట్టు చూడండి.

ఇక ఊహించిన సగటును ఎవరైనా పట్టిక మధ్యలోనో, పెద్ద పౌనఃపున్యం దగ్గరో పెట్టుకుంటారు. దాన్ని ఖాళీ ఉన్న తరగతి దగ్గర పెడితే పని ఇంకా తేలిక. 22.5 తీసుకోండి. విచలనాలు −2, −1, 0, 1, 2, 3 అవుతాయి. క పక్కన సున్నా పడింది, కాబట్టి క మాయం. మొత్తం −12 − 14 + 0 + 30 + 2చ + 30, అంటే 34 + 2చ. 26.4 = 22.5 + 5 × (34 + 2చ)/100 అంటే 3.9 × 20 = 34 + 2చ, 78 = 34 + 2చ, చ = 22. రెండు సమీకరణాలు కలిపి సాధించే పనే లేదు. చెప్పుకోదగ్గ చిట్కా ఇది, కానీ వాడేవాళ్లు తక్కువ.

సరిచూసుకోవడం మానకండి. పౌనఃపున్యాల్ని మధ్య విలువలతో నేరుగా గుణిస్తే 75, 245, 405, 825, 715, 375 వస్తాయి. మొత్తం 2640. దాన్ని 100తో భాగిస్తే 26.4. విచలనాలతో చేసిన లెక్కను మళ్లీ విచలనాలతోనే సరిచూస్తే చేసిన తప్పే మళ్లీ చేసే ప్రమాదం ఉంది. వేరే దారిలో చూడండి.

మొత్తం ఇవ్వకపోతే?

ఒకే ఖాళీ ఉండి మొత్తం ఇవ్వకపోతే సగటు ఒక్కటే చాలు. కానీ ఒక ఉచ్చు ఉంది. పై పట్టికలో 20–25 దగ్గర 18 ఇచ్చి, చ ఒక్కటే ఖాళీ వదిలారనుకోండి. మొత్తం ఎంతో చెప్పలేదు. తెలిసినవి కూడితే 78. అప్పుడు మొత్తం 78 కాదు, 78 + చ. హారంలోనూ ఖాళీ ఉంటుంది.

27.5 నుంచి విచలనాల మొత్తం −18 − 28 − 18 + 0 + చ + 20 = చ − 44. కాబట్టి −1.1 = 5 × (చ − 44)/(78 + చ). రెండు వైపులా 5తో భాగిస్తే −0.22. అడ్డంగా గుణిస్తే −17.16 − 0.22చ = చ − 44. 1.22చ = 26.84. చ = 22.

హారంలో చ మరిచిపోయి 78 ఒక్కటే వేసినవాళ్లకు చ = 26.84 వస్తుంది. రైతుల సంఖ్య 26.84 కాలేదు. పౌనఃపున్యం అంటే లెక్కపెట్టిన సంఖ్య, అది భిన్నం కాదు, రుణసంఖ్య అసలే కాదు. అలాంటి జవాబు వస్తే దాన్ని 27గా సర్దుకుని ముందుకు పోకండి.

సర్దుకోక తప్పని సందర్భం ఒకటుంది. ఇచ్చిన సగటును ఒక దశాంశానికి సవరించి ఇచ్చినప్పుడు. అసలు సగటు 26.35కూ 26.45కూ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మన పట్టికలో 0.05 తేడా వస్తే చ − క విలువలో 1 తేడా వస్తుంది, కాబట్టి చ − క అనేది 3, 5ల మధ్య. అయితే క + చ = 40 సరిసంఖ్య, అందుకే చ − క కూడా సరిసంఖ్యే కావాలి. మిగిలింది 4 ఒక్కటే. నిజం అంకెలతో పని చేసేవాళ్లకు ఇలాంటి తర్కం బాగా పనికొస్తుంది.

మధ్యగతం ఇచ్చినప్పుడు

అదే పట్టిక. సగటు ఇవ్వలేదు, మధ్యగతం 27 అన్నారు. మొత్తం 100.

మధ్యగత తరగతి కోసం సంచిత పౌనఃపున్యాల్లో వెతుక్కుంటూ కూర్చోకండి. అక్కడ ఖాళీలున్నాయి, వెతికినా దొరకదు. మధ్యగతం విలువే మీకు చెప్పేసింది: 27 ఉన్నది 25–30లో. అదే మధ్యగత తరగతి. దిగువ హద్దు 25, పౌనఃపున్యం 30, పొడవు 5.

సంచిత పౌనఃపున్యాలు వరుసగా 6, 20, 20 + క, 50 + క, 50 + క + చ, 60 + క + చ. మధ్యగత తరగతికి ముందరిది 20 + క. మొత్తంలో సగమైన 50లోంచి దాన్ని తీసి, తరగతి పౌనఃపున్యంతో భాగించి, పొడవుతో గుణించి, దిగువ హద్దుకు కలపాలి.

27 = 25 + (50 − (20 + క))/30 × 5
2 = (30 − క)/6
12 = 30 − క
క = 18. మొత్తం నుంచి చ = 22.

సగటు దారిలో వచ్చిన జవాబే ఇక్కడా వచ్చింది. ఇక్కడ జరిగే తప్పులు ముఖ్యంగా రెండు. మొదటిది, ముందరి తరగతి సంచితం బదులు మధ్యగత తరగతి సంచితమే వేసేయడం. 20 + క స్థానంలో 50 + క వేస్తే క = −12 వస్తుంది, కనీసం రుణసంఖ్య చూసైనా పట్టుకోవచ్చు. రెండోది, కుండలీకరణాలు వదిలేసి 50 − 20 + క అని రాయడం. అప్పుడు క = −18 వస్తుంది, ఇదీ రుణసంఖ్య చూసి పట్టుకోవచ్చు.

ఖాళీ మధ్యగత తరగతిలోనే ఉంటే చాలామంది భయపడతారు, నిజానికి అది ఇంకా తేలిక. 20–25 దగ్గర 18 ఇచ్చి, 25–30, 30–35 రెండూ ఖాళీ వదిలారనుకోండి. ఇప్పుడు 25–30 పౌనఃపున్యం క. ముందరి సంచితం 38, అందులో ఖాళీ ఏమీ లేదు. 27 = 25 + (12/క) × 5, అంటే 2 = 60/క, క = 30. మిగిలిన 22 చ.

బాహుళకం ఇచ్చినప్పుడు

బాహుళకం 28 అంటే బాహుళక తరగతి 25–30. దాని పౌనఃపున్యం 30, ముందరిది క, తర్వాతిది చ. కింది హారంలో 60 అన్నది 30కి రెట్టింపు.

28 = 25 + (30 − క)/(60 − క − చ) × 5

హారంలో రెండు ఖాళీలున్నా బెదరకండి. క + చ = 40 అని ముందే తెలుసు, హారం 20 అయిపోతుంది. 3/5 = (30 − క)/20, క = 18.

చివర్లో ఒక్కటి చూడాలి. వచ్చిన క, చ రెండూ 30 కంటే తక్కువేనా? వాటిలో ఏదైనా 30 దాటితే 25–30 బాహుళక తరగతి కాదు, లెక్క అంతా కూలిపోతుంది. ఇక్కడ 18, 22 కాబట్టి సరిపోయింది.

పట్టికకు సగటు 26.4, మధ్యగతం 27, బాహుళకం 28 వచ్చాయి. కార్ల్ పియర్సన్ పేరుతో పిలిచే అనుభావిక సంబంధం ప్రకారం బాహుళకం దాదాపు మూడింతల మధ్యగతంలోంచి రెండింతల సగటు తీసేసినంత, అంటే 81 − 52.8 = 28.2. దగ్గరగానే ఉంది. అయితే ఇది ఉజ్జాయింపు మాత్రమే. దీన్నొక సమీకరణంగా వాడి పౌనఃపున్యాలు కనుక్కోకండి.

సాధ్యం కానివి కూడా ఉన్నాయి

రెండు ఖాళీలు, రెండు షరతులు ఉన్నంత మాత్రాన లెక్క తేలుతుందని లేదు. 10–15, 15–20 రెండూ ఖాళీ వదిలి, మొత్తం 100, మధ్యగతం 27 ఇచ్చారనుకోండి. మధ్యగతం సూత్రంలో ముందరి సంచితం క + చ + 18. దాన్ని సాధిస్తే క + చ = 20. మొత్తం నుంచి వచ్చేదీ క + చ = 20నే. రెండు షరతులూ ఒకే మాట చెబుతున్నాయి. 6, 14 అయినా సరే, 10, 10 అయినా సరే, మధ్యగతం మారదు. మధ్యగతానికి ఒక పక్కన ఎందరున్నారన్నదే పట్టింపు. వాళ్లు ఏ తరగతిలో ఎంతమంది అన్నది పట్టదు.

అందుకే రెండు ఖాళీలూ మధ్యగత తరగతికి ఒకే పక్క ఉంటే మధ్యగతం పనికిరాదు, సగటు కావాలి. సగటు 26.4 ఇస్తే ఇదే పట్టికలో −3క − 2చ + 24 = −22, అంటే 3క + 2చ = 46. క + చ = 20తో కలిపితే క = 6, చ = 14. బాహుళకమైతే ఇంకా ఇరుకు. ఖాళీలు బాహుళక తరగతిలోనో దాని ఇరుపక్కలనో లేకపోతే అది ఏమీ చెప్పదు.

తరగతులు సమానంగా లేకపోతే కూడా జాగ్రత్త. మన దేశంలో వ్యవసాయ గణనలో కమతాల పరిమాణాలు చూడండి: హెక్టారు లోపు సన్నకారు, 1–2 హెక్టార్లు చిన్నకారు, ఆపైన 2–4, 4–10, చివర 10 హెక్టార్లు ఆపైన. పొడవులు ఒక్కటి కావు, చివరి దానికి పై హద్దే లేదు. ఇలాంటి పట్టికకు బాహుళకం సూత్రం నేరుగా వేయకూడదు. వెడల్పు తరగతిలో ఎక్కువమంది పడటం సహజం, అంతమాత్రాన అక్కడ గుంపు ఉందని కాదు. చివరి తరగతికి మధ్య విలువ లేదు కాబట్టి సగటు కట్టాలంటే ఏదో ఒకటి ఊహించుకోవాలి. మధ్యగతానికి మాత్రం ఇబ్బంది లేదు, మధ్యగతం పడే తరగతి పొడవు ఒక్కటి సరిగ్గా తీసుకుంటే చాలు.

నియత సంభావ్యత: హారం ఎవరు?

పట్టిక నిండింది: 6, 14, 18, 30, 22, 10. ఇప్పుడు 100 మందిలోంచి ఒక రైతును యాదృచ్ఛికంగా ఎంచుకుందాం. అతని దిగుబడి కనీసం 25 బస్తాలని తెలిసింది. అది కనీసం 30 అయ్యే సంభావ్యత ఎంత? తరగతి గదిలో కండిషనల్ ప్రాబబిలిటీ అంటున్నది ఇదే. ఒక సంగతి ముందే తెలిశాక మరో సంగతి జరిగే అవకాశం.

పుస్తకం సూత్రం రెండు సంభావ్యతల నిష్పత్తి: ఉమ్మడి ఘటన సంభావ్యతను తెలిసిన ఘటన సంభావ్యతతో భాగించడం. పట్టిక చేతిలో ఉన్నప్పుడు దాన్ని ఇలా చేయండి.

మొదట, తెలిసిన షరతుకు లోబడని వరుసలన్నీ పెన్సిల్‌తో కొట్టేయండి. 25 లోపువి పోతాయి. మిగిలినవి 30, 22, 10. వీటి మొత్తం 62. ఇక మన లోకం 62 మందే, 100 కాదు.

తర్వాత ఆ మిగిలిన వరుసల్లోనే అడిగినవి లెక్కపెట్టండి. కనీసం 30 అంటే 22 + 10 = 32.

జవాబు 32/62, అంటే 16/31. దాదాపు 0.516.

ఈ భాగంలో జరిగే తప్పుల్లో పెద్ద వంతు 32/100 అని రాయడమే. "అని తెలిసింది", "అయితే", "వాళ్లలో" అన్న మాటలు ప్రశ్నలో కనిపిస్తే హారం మారిందని గుర్తు. "మరియు" అని కనిపిస్తే హారం మారదు, 100నే. ఒక్క పదం తేడాతో జవాబు మారుతుంది.

తిప్పి అడిగితే ఏమవుతుందో కూడా చూడండి. దిగుబడి కనీసం 30 అని తెలిస్తే అది కనీసం 25 అయ్యే సంభావ్యత? 30 దాటినవాళ్లంతా 25 దాటినవాళ్లే, కాబట్టి 1. 16/31కీ 1కీ ఎంత దూరమో చూడండి. ఇంకో జత: దిగుబడి 20–35 మధ్య ఉండటం ఒక ఘటన, కనీసం 25 ఉండటం మరొకటి. ఉమ్మడిగా ఉన్నవాళ్లు 30 + 22 = 52. కనీసం 25 అని తెలిస్తే 52/62. 20–35 అని తెలిస్తే 52/70. లవం ఒకటే, హారాలు వేరు.

"25 కంటే ఎక్కువ" అని అడిగితే? సరిగ్గా 25 బస్తాలు వచ్చినవాళ్లు 25–30 తరగతిలోనే ఉన్నారు, వాళ్లెందరో పట్టిక చెప్పదు. అందుకే ఈ రకం పట్టికలో "కనీసం 25", "25 లోపు" అని అడిగిన ప్రశ్నలకే కచ్చితమైన జవాబుంటుంది.

హద్దు తరగతి మధ్యలో పడితే

కనీసం 25 అని తెలిస్తే, కనీసం 28 అయ్యే సంభావ్యత? 28 ఏ హద్దూ కాదు. 25–30లోని 30 మందీ ఆ తరగతిలో సమానంగా పరచుకుని ఉన్నారని ఊహించుకోవాలి. 28 నుంచి 30 దాకా 2, పొడవు 5, కాబట్టి 30 × 2/5 = 12 మంది. లవం 12 + 22 + 10 = 44, జవాబు 44/62, అంటే 22/31.

ఇది అంచనా అని జవాబులో రాయండి. ఊహ మాత్రం కొత్తది కాదు, మధ్యగతం సూత్రం లోపల ఉన్నదీ ఇదే. కావాలంటే చూడండి: 27 పైన ఉన్నవాళ్లు 30 × 3/5 = 18, వాళ్లకు 32 కలిపితే 50. సరిగ్గా సగం. 27 మధ్యగతం అయింది అందుకే.

రెండు దిక్కుల పట్టిక, అందులోనూ ఖాళీలు

ఈ రైతుల్లో 60 మందికి కాలువ నీరు, 40 మందికి బోరు నీరు అనుకుందాం. దిగుబడిని మూడు గుంపులు చేస్తే 20 లోపు 20 మంది, 20–30 మధ్య 48 మంది, 30 ఆపైన 32 మంది. అడ్డం మొత్తాలూ నిలువు మొత్తాలూ తెలుసు, లోపలి ఆరు గళ్లూ ఖాళీ.

ఆరు ఖాళీలు చూసి ఆరు షరతులు కావాలనుకోవద్దు. మొత్తాలు తెలిసినప్పుడు రెండు వరుసలు, మూడు నిలువు గళ్లున్న పట్టికలో వేర్వేరు నిలువు వరుసల్లోని రెండు గళ్లు తెలిస్తే మిగతా నాలుగూ తీసివేతలతో వచ్చేస్తాయి. ఆ రెండూ నియత సంభావ్యతల రూపంలో ఇచ్చారనుకోండి: కాలువ రైతు అని తెలిస్తే 30 ఆపైన పండించే సంభావ్యత 0.4. దిగుబడి 20 లోపు అని తెలిస్తే బోరు రైతు అయ్యే సంభావ్యత 3/5.

మొదటి షరతుకు హారం కాలువ రైతులు: 60 × 0.4 = 24. రెండో షరతుకు హారం 20 లోపు వాళ్లు: 20 × 3/5 = 12. ఏ మొత్తంతో గుణించాలో తేల్చేది "అని తెలిస్తే" ముందున్న మాట. రెండో దాన్ని బోరు రైతులు 40తో గుణిస్తే 24 వస్తుంది, 20 మంది ఉన్న గుంపులో 24 మంది ఎలా పడతారు? అక్కడే తప్పు బయటపడుతుంది.

మిగతావి తీసివేతలే.

కాలువ: 20 లోపు 8, 20–30 మధ్య 28, 30 ఆపైన 24. మొత్తం 60.
బోరు: 20 లోపు 12, 20–30 మధ్య 20, 30 ఆపైన 8. మొత్తం 40.

ఇంటర్ రెండో సంవత్సరంలో వచ్చే బేయీ సిద్ధాంతం (నియత సంభావ్యతను తిప్పి అడిగినప్పుడు వాడేది) ఈ పట్టికలోనే దాగి ఉంది. 30 ఆపైన పండించిన రైతు కాలువ రైతు అయ్యే సంభావ్యత ఎంత? సూత్రంతో అయితే 0.6 × 0.4ను, (0.6 × 0.4 + 0.4 × 0.2)తో భాగించాలి: 0.24/0.32 = 0.75. పట్టికతో అయితే చివరి నిలువు గడి చూసి 24/32 అనేస్తారు. శాతాలే ఇచ్చి సిద్ధాంతం వాడమన్నా సరే, పక్కన 100 మందితో ఇలాంటి పట్టిక గీసుకోండి. సూత్రంలో ఏది పైన, ఏది కింద అన్న సందేహం ఉండదు.

నీటి వనరు, దిగుబడి ఒకదానితో ఒకటి సంబంధం లేని స్వతంత్ర ఘటనలా? అందరిలో 30 ఆపైన పండించే సంభావ్యత 0.32, కాలువ రైతుల్లో 0.4. రెండూ సమానం కావు, కాబట్టి స్వతంత్రం కావు. ఇక్కడ కూడా 0.4ను 0.32తోనే పోల్చాలి, 0.75తో కాదు.

ఒకరి బదులు ఇద్దరిని ఎంచుకుంటే, మొదటివాణ్ని మళ్లీ జాబితాలో కలపకపోతే, రెండో హారం 99. ఇద్దరూ 30 ఆపైన వాళ్లే అయ్యే సంభావ్యత 32/100 × 31/99, దాదాపు 0.1.

చేసి చూడటానికి ఒకటి. 50 మంది విద్యార్థుల మార్కులు: 0–10లో 4, 10–20లో క, 20–30లో 16, 30–40లో చ, 40–50లో 7. మధ్యగతం 27.5. క, చ కనుక్కోండి, సగటు కట్టండి. తర్వాత, కనీసం 20 మార్కులు వచ్చాయని తెలిసిన విద్యార్థికి కనీసం 30 వచ్చి ఉండే సంభావ్యత, కనీసం 25 వచ్చి ఉండే సంభావ్యత చెప్పండి.

జవాబులు: క = 9, చ = 14, సగటు 27.2. సంభావ్యతలు 21/37, 29/37. ఈ రెండోది అంచనా.